పునర్జన్మను కాదన్న కన్ఫ్యూషియన్లు

కొన్ని నెలల కిందట ఒక చిన్న గోష్ఠిలో బౌద్ధాన్ని గురించి మాటలు వచ్చాయి. బౌద్ధాన్ని ఎదిరించినవాళ్ళు ఏ దేశంలోనైనా అభివృద్ధి నిరోధకులేనని ఒక మిత్రుడు తేల్చి చెప్పాడు. మన దేశంలో బౌద్ధాన్ని ఖండించినవాళ్ళే వర్ణవ్యవస్థకు తాత్త్విక సమర్థన సమకూర్చారు గనక చైనాలోనూ కొరియాలోనూ అదే జరిగి ఉండాలని ఆయన ఊహ. ఇంకొక మిత్రుడు ఒప్పుకోలేదు. చైనాలో బౌద్ధాన్ని ఖండించిన కన్ఫ్యూషియన్ పండితులు చచ్చిన తరవాత ఆత్మ మిగలదన్నారు, మళ్ళీ పుట్టటం లేదన్నారు, నరకం కట్టుకథ అన్నారు. అందుచేత వాళ్ళు భౌతికవాదులు, మన వైపువాళ్ళు అని ఆయన వాదం. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. నేను మధ్యలో నోరు విప్పలేదు. అందుకు కారణం వినయం కాదు. ఇద్దరి మాటల్లోనూ ఏదో తప్పు ఉన్నదని తోచింది గాని అదేమిటో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. తరవాత దొరికినంత మేరకు చదివి, ఆలోచించి, ఇప్పుడు చెబుతున్నాను.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. ఆత్మ, పునర్జన్మ అనే మాటలను మనం జంటగా వాడతాం. బుద్ధుడు వాటిని విడదీశాడు. శాశ్వతమైన ఆత్మ లేదన్నాడు, కాని కర్మఫలమూ జన్మపరంపరా ఉన్నాయన్నాడు. పోయేవాడు లేకుండా ప్రయాణం ఎట్లా సాగుతుందనే ప్రశ్న వెంటనే వస్తుంది. 'మిలిందపఞ్హ'లో నాగసేనుడు గ్రీకు రాజుకు దీపం పోలిక చెబుతాడు. ఒక దీపంతో ఇంకొక దీపం వెలిగిస్తే మొదటిదానిలోనుంచి ఏ వస్తువూ లేచి రెండోదానిలోకి పోదు. అయినా మొదటిది లేకపోతే రెండోది లేదు. తెలుగుదేశంతో ముడిపెట్టి చెప్పుకునే నాగార్జునుడు తన మధ్యమక కారికల్లో 'అగ్నీంధన పరీక్ష' అని ఒక ప్రకరణమే పెట్టాడు. కట్టెను విడిచి నిప్పు విడిగా లేదనీ, అట్లాగే 'నేను' అనేదీ విడిగా లేదనీ దాని తాత్పర్యం.

ఈ నిప్పూ కట్టె చైనాలో తలకిందులైనాయి. లూ పర్వతంమీద ఉండిన హుయియువాన్ అనే భిక్షువు 404లో రాసిన వ్యాసంలో, ఒక కట్టె కాలిపోయినా నిప్పు ఇంకొక కట్టెకు అంటుకున్నట్టే దేహం నశించినా చైతన్యం ఇంకొక దేహానికి చేరుతుందని వాదించాడు. అంటే నిప్పు ఇక్కడ నశించని వస్తువైంది! నాగార్జునుడి కారికలు కుమారజీవుడి చేతిమీదుగా చైనా భాషలోకి వచ్చింది 409లో. అప్పటికే చైనా బౌద్ధులు ఆత్మ నశించదనే పక్షం పట్టి కూర్చున్నారు. దీన్ని వట్టి అజ్ఞానమని కొట్టెయ్యను. చేసినవాడు ఒకడూ అనుభవించేవాడు ఇంకొకడూ అయితే అందులో న్యాయమేముందని మామూలు మనిషి అడుగుతాడు. ఆ మనిషికి శూన్యవాదంతో జవాబు చెప్పటం కష్టం.

దీనికి గట్టి దెబ్బ కొట్టినవాడు ఫాన్ జెన్. ఈయన నవ కన్ఫ్యూషియన్ కాదు, వాళ్ళకు 500 ఏళ్ళకు పైగా ముందువాడు. అయినా ఈయన్ను విడిచి కథ నడవదు. కత్తికి పదును ఎట్లాంటిదో దేహానికి చైతన్యం అట్లాంటిదన్నాడు. కత్తి పోయిన తరవాత పదును ఎక్కడో మిగిలి ఉంటుందని ఎవరూ అనరు కదా! బౌద్ధాభిమాని అయిన ఒక రాజకుమారుడు, కర్మ లేకపోతే లోకంలో కలవాళ్ళూ లేనివాళ్ళూ ఎందుకున్నారని ఈయన్ను అడిగాడు. ఒకే చెట్టునుంచి రాలిన పూలరేకులు గాలికి కొట్టుకుపోయి కొన్ని తెర దాటి మెత్తని పరుపుమీద పడతాయి, కొన్ని గోడ అవతల పెంటకుప్పలో పడతాయి; తమరు పరుపుమీద పడ్డారు, నేను పెంటలో పడ్డాను, ఇందులో కర్మ ఎక్కడిది అని ఈయన జవాబు. వాదం మానుకుంటే పెద్ద ఉద్యోగం దొరుకుతుందని ఆశ పెట్టారు. వాదాన్ని అమ్ముకునేవాణ్ణయితే అంతకన్న పెద్ద ఉద్యోగమే ఎప్పుడో సంపాదించేవాణ్ణని నవ్వేశాడు. తరవాత లియాంగ్ వంశపు వూ చక్రవర్తి (పాలన 502–549) స్వయంగా పూనుకున్నాడు. 60 మందికి పైగా ఆస్థానికులు ఫాన్ జెన్‌ను ఖండిస్తూ రాశారు. ఒక్క మనిషి మాటకు అంతమంది జవాబు రాయవలసి వచ్చిందంటే ఆ మాట ఎక్కడ తగిలిందో ఊహించవచ్చు. జనం డబ్బంతా భిక్షువులకు ధారపోసి తమ చుట్టాలనూ బీదవాళ్ళనూ గాలికి వదిలేస్తున్నారని కూడా ఆయన రాశాడు మరి.

ఆ డబ్బు సంగతి చిన్నది కాదు. తాంగ్ వంశంకాలానికి మఠాలు భూములతో, బానిసలతో, పన్నుల మినహాయింపులతో పెద్ద భూస్వాములైనాయి. 819లో బుద్ధుడి ఎముకను చక్రవర్తి అంతఃపురానికి తెప్పించుకున్నప్పుడు హాన్ యూ దాన్ని ఖండిస్తూ విన్నపం పంపి, దక్షిణాన చావోజోకు ప్రవాసం పోయాడు. 845లో ప్రభుత్వమే 4,600 మఠాలను మూయించి, 2,60,500 మంది భిక్షువులనూ భిక్షుణులనూ గృహస్థులను చేసి, మఠాల బానిసలు 1,50,000 మందిని పన్ను కట్టే రైతుల లెక్కలోకి తెచ్చింది. హాన్ యూ వాదంలో ఆవేశం ఉన్నదిగాని తత్త్వం తక్కువ. బౌద్ధం విదేశీ మతమన్నాడు, తండ్రినీ రాజునూ లెక్కచెయ్యదన్నాడు. ఆత్మను గురించి గట్టిగా ఆలోచించే పని సుంగ్ వంశకాలపు (960–1279) పండితులకు మిగిలింది. నవ కన్ఫ్యూషియన్లని మనం పిలిచేది వీళ్ళను.

ఈ పండితులు తర్కశాస్త్రంలోనుంచి సమస్యలోకి రాలేదు. చావింటి గుమ్మంలోనుంచి వచ్చారు. మనిషి పోగానే ఏడు రోజులకొకసారి చొప్పున 49 రోజులదాకా భిక్షువులను పిలిచి గ్రంథపఠనం చేయించాలి. నరకంలో పదిమంది యమరాజులు, ఒక్కొక్కరికి ఒక కచేరీ, గుమాస్తాలు, దస్తరాలు. (మన చిత్రగుప్తుడు అక్కడికి పోతే పరాయితనం తోచదు.) ఈ కర్మకాండ చేయించకపోతే తల్లిదండ్రులను రంపాలతో కోస్తారని, రోట్లో వేసి దంచుతారని భయం. సీమా గ్వాంగ్ (1019–1086) గృహ్యవిధులను గురించి రాస్తూ దీన్ని తీసుకున్నాడు. దేహం మట్టిలో కుళ్ళిపోయింది, చైతన్యం చెదిరిపోయింది, ఇక రంపం కొయ్యటానికి ఏం మిగిలింది? బౌద్ధం చైనాకు రాకముందు కూడా చచ్చి బతికినవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళలో ఒక్కడికీ ఆ పదిమంది రాజులు కనపడలేదేం? పూర్వుడొకడి మాట తీసుకుని ఇంకో వాదం కూడా చేశాడు: స్వర్గం ఉంటే మంచివాళ్ళు పోతారు, నరకం ఉంటే చెడ్డవాళ్ళు పోతారు; నీ తండ్రికోసం ప్రాయశ్చిత్తం చేయిస్తున్నావంటే నీ తండ్రి పాపి అని ఊరందరికీ చాటుతున్నావన్నమాట. ఈ వాదం వింటే మా ఊళ్ళో పెద్దలు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు.

జాంగ్ జై (1020–1077) దీనికి తాత్త్విక పునాది వేశాడు. ఆయన కీలకపదం 'చీ'. మన చెవికి ఆ మాట ఎట్లా వినపడినా దాని అర్థం గొప్పది. ఊపిరి, ఆవిరి, పదార్థం, శక్తి అన్నీ అందులో ఉన్నాయి. ఆకాశం శూన్యం కాదు, పలచని చీ. చీ గట్టిపడితే వస్తువులు, మనుషులు. చెదిరితే మళ్ళీ ఆకాశం. నీళ్ళు మంచుగడ్డ కావటం, గడ్డ కరగటం లాంటిది. లోకం మాయ అనటానికి గాని, ఒక మనిషి తెలివి అట్లాగే మిగిలి ఇంకో కడుపున పడుతుందనటానికి గాని ఇక్కడ తావు లేదు.

ఛెంగ్ సోదరులు ఇంకో అడుగు వేశారు. బయటికి వదిలిన ఊపిరే తిరిగి లోపలికి రాదు. కొత్త ఊపిరి ఎప్పటికప్పుడు పుడుతుంది. ప్రకృతికి పాతసరుకుతో పనిలేదు అని ఛెంగ్ యి (1033–1107) చెప్పాడు. బౌద్ధులు చావును చూపించి జనాన్ని బెదిరిస్తున్నారనీ, జననమరణాలను తప్పించుకోవాలనే తపన అడుగున ఉన్నది స్వార్థమేననీ ఆ సోదరుల అభియోగం. లోకంకోసం తన నిర్వాణాన్నే వాయిదా వేసుకునే బోధిసత్త్వుణ్ణి ఎరిగినవాళ్ళు ఇది అన్యాయమంటారు. అన్యాయమే. కాని తన మోక్షంకోసం ఊళ్ళో అప్పు చేసి గుడికి గంట చేయించే గృహస్థును ఎరిగినవాళ్ళకు అంత అన్యాయంగా తోచదు.

జు షీ (1130–1200) వీళ్ళందరినీ కూడగట్టినవాడు. యౌవనంలో ధ్యానమార్గపు భిక్షువు దగ్గర చదువుకున్నాడు. 1148లో పెద్ద పరీక్షలో ఆ భిక్షువు భావాలనే రాసి నెగ్గానని తరవాత తానే చెప్పుకున్నాడు. కాబట్టి ఆయన విమర్శ ఇంటిగుట్టు తెలిసినవాడి విమర్శ. ఆయన ఆక్షేపణ ఇది: చచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ పుడుతుంటే, సృష్టి మొదటినుంచీ ఉన్న కొన్ని ప్రేతాలే వస్తూ పోతూ ఉండాలి, అట్లాగయితే ప్రకృతి కొత్తగా పుట్టించేదేమీ ఉండదు. ఇందులో అసలు బలం సంఖ్యలో లేదు, 'కొత్త' అన్న మాటలో ఉన్నది. ప్రకృతి ఎప్పటికీ పుట్టిస్తూనే ఉంటుందనీ ప్రతి బిడ్డా నిజంగా కొత్త బిడ్డేననీ ఆయన అంటున్నాడు. పూర్వజన్మ బాకీ తీర్చటానికి వచ్చినవాడు కాదు ఆ బిడ్డ. ఇంకొకటి కూడా అన్నాడు. మనిషి స్వభావం విశ్వనియమంలో భాగమేగాని ఎవడి సొంత ఆస్తీ కాదు, నా ఆత్మ చచ్చిన తరవాత కూడా నాదిగానే మిగలాలనటం స్వార్థం. భూములమీద సొంత హక్కును ఎన్నడూ శంకించని వర్గంలో పుట్టి, ఆత్మమీద మాత్రం సొంత హక్కును రద్దు చేశాడు!

ఈ వాదాన్ని పొలంలోకి దించినవాడు కొరియా మంత్రి జొంగ్ దోజొన్ (1342–1398). 1361లో ఎర్ర తలపాగాల దండు చైనానుంచి వచ్చి రాజధానిని పట్టుకున్నప్పుడు ఈయన యువకుడు. సముద్రపు దొంగల దాడుల్లో ఊళ్ళు పాడుపడటం చూశాడు. ఒకపక్క అది, ఇంకొకపక్క భూములూ బానిసలూ కూడబెట్టుకున్న మఠాలు. 1391లో జరిగిన భూసంస్కరణలోనూ, 1392లో చోసొన్ రాజ్యస్థాపనలోనూ ఈయన చెయ్యి పెద్దది. 1398లో రాసిన 'బుల్సీ జప్బ్యొన్'లో మొదటి ప్రకరణమే పునర్జన్మమీద. ఉపమానాలన్నీ ఇంటివీ వాకిలివీ. బావిలో తోడి పొయ్యిమీద పెట్టిన నీళ్ళు ఆవిరై పోతాయి, ఆ నీళ్ళే తిరిగి బావిలోకి రావు, అయినా బావి ఊరుతూనే ఉంటుంది. రాలిన ఆకులే మళ్ళీ చెట్టుకు అతుక్కోవు. పది కొలతలు చల్లితే వంద కొలతలు పండుతాయి. ఆ తక్కిన తొంభై ఏ పూర్వజన్మనుంచి వచ్చినట్టు?

తరవాతది ఇంకా గట్టిది. జీవులు ఒక యోనినుంచి ఇంకో యోనికి మారుతుంటే మొత్తం లెక్క స్థిరంగా ఉండాలి. మనుషులు పెరిగితే పక్షులూ చేపలూ పురుగులూ తగ్గాలి. కాని మంచి రోజుల్లో మనుషులూ పెరుగుతారు, పశువులూ పెరుగుతాయి, చేపలూ పెరుగుతాయి; చెడ్డ రోజుల్లో అన్నీ కలిసే తగ్గుతాయి. బౌద్ధులు దీనికి జవాబు చెప్పగలరు. లోకాలు అనంతం, ఒకచోట తగ్గినది ఇంకోచోట ఉండవచ్చునంటారు. తర్కంగా ఆ జవాబు చెల్లుతుంది. అయినా పాడుపడిన పొలాలనూ ఖాళీ అయిన ఊళ్ళనూ కళ్ళారా చూసినవాడి మాటకు ఉన్న బరువు దానికి లేదు.

ఆ ఏడే సింహాసనంకోసం జరిగిన కుట్రలో ఒక రాజకుమారుడు జొంగ్ దోజొన్‌ను చంపించాడు. తరవాత తెజొంగ్ రాజైంది ఆ రాజకుమారుడే. 1406లో దేశంలో 242 మఠాలు మాత్రం ఉంచి తక్కినవాటి భూములనూ బానిసలనూ లాక్కున్నదీ అతనే. మనిషిని చంపి కార్యక్రమాన్ని అమలు జరిపాడు. బౌద్ధుల పక్షాన కిహ్వా (1376–1433) జవాబు రాశాడు. ఈయన మొదట కన్ఫ్యూషియన్ విద్యాలయంలో చదివి, ఒక స్నేహితుడి చావుతో భిక్షువైనవాడు. దేహంతో నశించే మనసు ఒకటి, నశించని నిజమైన మనసు ఒకటి అన్నాడు. చూడండి, బుద్ధుడు వాకిట్లోకి గెంటిన ఆత్మ దొడ్డిదారిన మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. కన్ఫ్యూషియన్లు బుద్ధుడు చెప్పనిదాన్ని ఖండించారని ఫిర్యాదు చేసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. వాళ్ళు ఖండించింది తమ ఎదుట ఉన్న బౌద్ధాన్ని.

ఇంతవరకు నా రెండో మిత్రుడి పక్షమే గెలుస్తున్నట్టు కనపడుతుంది. కాని ఇంటిదాకా వచ్చేసరికి వీళ్ళ కాళ్ళు తడబడ్డాయి. చైతన్యం చెదిరిపోతే పితృదేవతలకు పూజ ఎందుకు? నైవేద్యం ఎవరు అందుకుంటారు? మన దగ్గర ఇదే ప్రశ్న ఇంకోవైపునుంచి వస్తుంది: తండ్రి ఈపాటికి ఎక్కడో పుట్టి ఉంటే పిండం ఎవరికి పెడుతున్నట్టు? మనవాళ్ళు పునర్జన్మనూ పిండాన్నీ రెంటినీ ఉంచుకుని ప్రశ్నను వదిలేశారు. జు షీ వదలలేదు, అందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. శిష్యులు మళ్ళీ మళ్ళీ అడిగారు, ఆయన మళ్ళీ మళ్ళీ సర్దుకున్నాడు. చీ ఒక్కసారిగా చెదరదు, క్రమంగా చెదురుతుందన్నాడు. కొడుకు దేహంలో ఉన్నది తండ్రి చీయే గనక కొడుకు నిష్ఠగా పూజిస్తే ఆ చీ స్పందిస్తుందన్నాడు. అకాలమరణం పొందినవాళ్ళ చీ చప్పున చెదరదన్నాడు; క్రీ.పూ. 543లో హత్యకు గురై దయ్యమైన బోయూ కథ ప్రాచీన గ్రంథంలోనే ఉన్నది మరి. చివరికి, చెదరని చీ ఎప్పుడైనా ఒక గర్భానికి తగులుకుని పుట్టవచ్చునని కూడా ఒప్పుకున్నాడు. చిల్లు చిన్నదే, కాని పడవకు పడ్డది.

వేడుక ఏమిటంటే, ఇదే జు షీ పూర్వుడైన జాంగ్ జైని తప్పుబట్టాడు. గట్టిపడి చెదరి తిరిగి గట్టిపడే చీ అంటే అది పెద్ద ఎత్తు పునర్జన్మేనన్నాడు. దీనికి జవాబు 17వ శతాబ్దంలో హునాన్ కొండల్లో తలదాచుకుని రాసిన వాంగ్ ఫూజి (1619–1692) ఇచ్చాడు. బండెడు కట్టెలు కాలిస్తే మంట, పొగ, బూడిద అవుతాయి. కట్టెగా కనపడదేగాని ఏదీ లేకుండా పోలేదు. పదార్థం నశించదు, మనిషి మాత్రం తిరిగి రాడు. హుయియువాన్ నాటి నిప్పూ కట్టె 1200 ఏళ్ళకు పైగా తిరిగి ఇట్లా ఇల్లు చేరాయి. నా రెండో మిత్రుడు ఎవరినైనా మనవాడనుకోదలిస్తే వాంగ్ ఫూజిని అనుకోవచ్చు.

జు షీని అనుకోవటానికి మాత్రం నాకు ఇంకొక పెద్ద అడ్డు ఉన్నది. కర్మను తీసేసిన తరవాత కలిమిలేముల ప్రశ్నకు ఆయన ఏం జవాబు చెప్పాడు? నిర్మలమైన చీతో పుట్టినవాడు వివేకి, మురికి చీతో పుట్టినవాడు మూఢుడు, దట్టమైన చీవాడు ధనవంతుడు, పలచని చీవాడు బీద అన్నాడు. కన్ఫ్యూషియస్‌కు నిర్మలమైన చీ దొరికిందిగాని ఎత్తైనది దొరకలేదు, అందుకని ఆయన పేదవాడుగా ఉండిపోయాడట. జొంగ్ దోజొన్ కూడా కర్మను కొట్టివేసి ఆ చోట పంచభూతాల లెక్కలు పెట్టి, వైద్యులనూ జోస్యులనూ సాక్ష్యానికి పిలిచాడు. కర్మ సిద్ధాంతం బీదవాడితో, ఇది నీ తప్పే అని చెబుతుంది. ఇది క్రూరమే, కాని వచ్చే జన్మలోనైనా బాగుపడతావని ఒక ఆశ పెడుతుంది. జు షీ తప్పునూ ఆశనూ రెంటినీ తీసేశాడు. చదువుతో చీని కొంత కడుక్కోవచ్చునన్నాడు, చదువు ఎవరికి అందేదో ఆయనకు తెలియనిది కాదు. ఫాన్ జెన్ పూలరేకులు పరుపుమీద పడటమూ పెంటలో పడటమూ వట్టి గాలివాటం. గాలివాటాన్ని ఎవరూ ధర్మమనరు. జు షీ దాన్ని తిరిగి ప్రకృతి నియమం చేశాడు. సుమారు 1313నుంచి 1905లో పరీక్షలు రద్దయేదాకా చైనాలో ఉద్యోగాలకు ఆయన వ్యాఖ్యానాలే ప్రమాణమయ్యాయంటే ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. చీ తండ్రినుంచి కొడుకుకు పారుతుంది. కొడుకులు లేనివాళ్ళ మాటేమిటి? పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్ల? యుద్ధంలో పోయి శవమైనా దొరకని కూలి? పితృపూజ వంశమున్నవాళ్ళది. ఏడో నెల పున్నమినాడు దిక్కులేని ప్రేతాలన్నిటికీ అన్నం పెట్టే పండుగ జరిపింది మాత్రం బౌద్ధులు. ప్రేతాలు లేవు, నిజమే. ఆ అన్నం పెట్టినవాళ్ళు తలుచుకున్న మనుషులు ఉండేవాళ్ళు. కన్ఫ్యూషియన్ల గృహ్యవిధుల్లో వాళ్ళకు చోటు దొరకలేదు. ఎంత పదునైన వాదాలు వచ్చినా చైనా పల్లెల్లో జనం 49 రోజుల కర్మ ఎందుకు మానలేదో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

పల్లెలే ఎందుకు? జొంగ్ దోజొన్ కట్టిన రాజ్యంలోనే తెజొంగ్ కొడుకు సెజొంగ్ రాజైనాడు. కన్ఫ్యూషియన్ విద్యలో ఆయనను మించిన రాజు కొరియాలో లేడు. 1446లో ఆయన భార్య సొహొన్ రాణి చనిపోయింది. ఆ ఏడే కొరియాకు సొంత లిపి వెలువడింది. 1447లో రాజు ఆజ్ఞమీద కొడుకు సూయాంగ్ ఆ కొత్త లిపిలో బుద్ధుడి జీవితచరిత్ర రాశాడు. చనిపోయిన రాణికి పుణ్యం చేరాలని.